పాడైన యంత్రం ముందు కూర్చోబెట్టండి

కొన్ని వారాల కిందట ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. విజయనగరం వైపు ఒక కళాశాలలో ఇంజనీరింగ్ ముగించి, ఆ తర్వాత విశాఖపట్నం ద్వారకానగర్‌లో 4 నెలలు లినక్స్ (సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) కోర్సు కూడా చేశాడు. చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన లావుపాటి నోట్సు ఉంది. ఫైలు అనుమతుల గురించి అడిగితే 755కూ 644కూ ఉన్న తేడాను ఎక్కడా తడుముకోకుండా ఒప్పజెప్పాడు. సరే బాగుందని అతన్ని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, "ఈ సర్వర్‌లో వెబ్‌సైటు తెరుచుకోవడం లేదు, ఏమైందో చూడు" అన్నాను. నల్లటి తెర వైపు ఒక నిమిషం చూసి, నా వైపు తిరిగి, "ఏ కమాండ్ కొట్టమంటారు సార్?" అని అడిగాడు.

నాకు కోపం రాలేదు. 2009లో ఇదే ఊళ్ళో నేనూ అదే ప్రశ్న అడిగినవాణ్ణి. నేను చేరిన శిక్షణ కేంద్రంలో ఒక హాలు, 30 కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, బ్యాచ్ మొత్తానికి 4 కంప్యూటర్లు ఉండేవి. సారు కమాండ్ పేరు, దాని ఆప్షన్లు చెబుతూ పోతే మేము రాసుకుంటూ పోయేవాళ్ళం. 45 రోజులు పూర్తయ్యేసరికి 200 పేజీల నోట్సు తయారైంది. అది రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5 కాలం నాటి నోట్సు. 2014లో 7వ వెర్షన్, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ అనే కొత్త ఏర్పాటుతో వచ్చేసరికి సర్వీసును మొదలుపెట్టే తీరు, యంత్రం లేచినప్పుడు అది తనంతట తాను లేచేలా చూసే తీరు, లాగ్‌లు (యంత్రం తనకు జరిగినది రాసుకునే చిట్టాలు) చదివే తీరు అన్నీ మారిపోయి, నేను బట్టీపట్టిన పేజీల్లో చాలా భాగం రద్దయిన నోట్ల కట్ట అయింది. ప్రాసెస్ అంటే ఏమిటి, ఫైలు అంటే ఏమిటి, తప్పు జరిగినప్పుడు యంత్రం ఆ సంగతి ఎక్కడ చెప్పుకుంటుంది అన్నవి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ 200 పేజీల్లో లేనివి అవే.

అక్కయ్యపాలెంలో ఒక మేడమీది గదిలో 6 పాత డెస్క్‌టాప్‌లు పెట్టుకొని 2018 నుంచి ఆదివారాలు పిల్లలకు ఈ విద్య నేర్పుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు కుదిరిన అభిప్రాయం ఇది: లినక్స్ నిర్వహణ నేర్పాలనుకున్నవారు మొదటి వారం నుంచే విద్యార్థి చేతికి పాడైన యంత్రం ఇవ్వాలి, దాన్ని ముట్టుకోబోయే ముందు అతడు చూసినదాన్ని అతడి చేతే రాయించాలి, వివరణ అన్నది ఆ తర్వాతే మొదలుపెట్టాలి. ప్రాక్టికల్స్ ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. కానీ చాలాచోట్ల ప్రాక్టికల్స్ పేరుతో జరిగేది బోర్డు మీది కమాండ్‌ను కీబోర్డు మీదకు ఎక్కించడమే. అది చేతిరాత తరగతి అనిపించుకుంటుంది గానీ అభ్యాసం అనిపించుకోదు.

ఈ ఆలోచన నాకు కంప్యూటర్ల నుంచి రాలేదు. మా నాన్నగారు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, రిటైరయ్యేదాకా వర్క్‌షాపులోనే పనిచేశారు. మొదట్లో కొన్ని వారాలపాటు తమ చేత చేయించిన పని ఒక్కటేనని చెప్పేవారు. ఇనుప పట్టీని వైస్‌లో బిగించి, ఆకురాయితో రాచి, చదును చేయాలి. ఆకురాయిని ఇంగ్లీషులో ఫైలే అంటారు కాబట్టి, నేనూ ఫైళ్ళతోనే బతుకుతున్నానని ఆయన ఇంట్లో హాస్యమాడేవారు. ఆ పనిలో నాకు నచ్చినది శ్రమ కాదు, పరీక్ష. రాచిన అంచుకు ట్రై స్క్వేర్ (లంబకోణం సరిచూసే పరికరం) ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, ఇనుముకూ స్క్వేరుకూ మధ్య సన్నటి వెలుతురు గీత కనిపిస్తే పని కాలేదన్నమాట. ఇన్‌స్ట్రక్టరు వచ్చి తప్పు పట్టాల్సిన పని లేదు, ఆ వెలుతురే చెప్పేస్తుంది. ఓడలు కట్టే ఊరు, ఉక్కు పోసే ఊరు ఇది. ఇక్కడ వెల్డింగును డిక్టేషన్‌తో నేర్పుతామని ఎవరైనా అంటే నవ్విపోతారు. సర్వర్ పని కూడా చేతిపనేనన్న సంగతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనకు మతిమరుపు వస్తుంది.

నేను అందరి చేతా చేయించే మొదటి పెద్ద అభ్యాసాన్ని కొంచెం వివరంగా చెబుతాను. వర్చువల్ యంత్రంలో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) 2 జీబీ పార్టిషన్, అంటే డిస్కులో ఒక ముక్క, వేసి, దాన్ని వార్ డైరెక్టరీ మీద మౌంట్ చేస్తాను, అంటే ఆ డైరెక్టరీలో రాసేదంతా ఆ ముక్కలోకే వెళ్తుంది. ఒక చిన్న ప్రోగ్రాము వెనకాల నడుస్తూ, ఒక లాగ్ ఫైలును తెరిచి, డిస్కు నిండేదాకా అందులో రాస్తుంది. నిండాక రాయడం ఆపేస్తుంది గానీ ఫైలును మూయదు. విద్యార్థి వచ్చి ఏదో సేవ్ చేయబోతే డిస్కులో జాగా లేదన్న సందేశం కనిపిస్తుంది. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే 100 శాతం నిండిందని తెలుస్తుంది. డైరెక్టరీల పరిమాణం చెప్పే డీయూతో ఒక్కో డైరెక్టరీ దిగుకుంటూ పోతే ఆ లావుపాటి లాగ్ ఫైలు దొరుకుతుంది. సంతోషంగా దాన్ని తీసేస్తాడు. మళ్ళీ డీఎఫ్ కొడితే అదే 100 శాతం.

ఇక్కడ గదిలో ఒక నిశ్శబ్దం వస్తుంది. దాని కోసమే నేను ఆ అభ్యాసం పెట్టుకున్నాను. పోయిన బ్యాచ్‌లో శ్రీకాకుళం పిల్ల ఒకామె గట్టిగా, "ఏటండీ ఇది, ఫైలు తీసేసినా జాగా రాలేదు!" అంది. పక్క యంత్రం మీదివాడు డీయూ మళ్ళీ నడిపి, అది 200 ఎంబీ కూడా లేదంటోందని, డీఎఫ్ మాత్రం 2 జీబీ అంటోందని, ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని తేల్చాడు. ఇంకొకడు రీబూట్ చేశాడు, అంతా సర్దుకుంది, చేతులు దులుపుకున్నాడు. అతడికి మొదటి స్థితి మళ్ళీ తెచ్చిపెట్టి, "ఇది రిజర్వేషన్ కౌంటర్ సర్వర్ అనుకో, బయట క్యూ ఉంది, రీబూట్ లేదు" అన్నాను.

కనీసం అరగంటైనా నేను నోరు విప్పను. నాకది చాలా కష్టమైన పని. జవాబు తెలిసినవాడికి ఎదుటివాడు వెతుక్కుంటుంటే చూస్తూ ఊరుకోవడం కంటే కష్టం ఇంకోటి లేదు. అరగంట గడిచాక బోర్డు దగ్గరకు వెళ్ళి, మనం ఫైలు పేరు అనుకునేది డైరెక్టరీలో ఒక పద్దు మాత్రమేనని, అసలు ఫైలు వివరాలు ఐనోడ్ అనే చోట ఉంటాయని, ఫైళ్ళు తీసేసే ఆర్ఎం కమాండ్ నిజానికి తీసేసేది ఆ పద్దునేనని, ఆ ఐనోడ్‌కు పేర్లన్నీ పోయి, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) కూడా ఒక్కటీ లేనప్పుడే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డిస్కు బ్లాకులను విడిచిపెడుతుందని చెబుతాను. డీయూ పేర్లు పట్టుకొని లెక్కేస్తుంది, డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది, కాబట్టి ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా ఇచ్చే ఎల్ఎస్ఓఎఫ్ నడిపితే ఆ ఫైలు పక్కన డిలీటెడ్ అన్న గుర్తుతో సహా దాన్ని పట్టుకున్న ప్రాసెస్ నంబరు కనిపిస్తుంది. ఆ ప్రాసెస్‌ను తిరిగి మొదలుపెట్టవచ్చు, లేదా ప్రాక్ డైరెక్టరీలో దాని డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు ఆ ప్రాసెస్ దగ్గరుండే నంబరు) ద్వారా ఫైలును సున్నాకు కుదించవచ్చు. అసలు మొదట్లోనే తీసేయకుండా ఖాళీ చేసి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఐనోడ్ గురించి ఇదివరకు నేను గంటల కొద్దీ ఉపన్యాసాలు ఇచ్చాను, వినేవాళ్ళు ఆవులించారు. డిస్కు ముందు అరగంట తిప్పలు పడినవాడికి పది నిమిషాల వివరణ సరిపోతుంది, ఎందుకంటే అతడి దగ్గర అప్పటికే ఒక ప్రశ్న ఉంటుంది.

అయితే ఈ పద్ధతిని నేను ఒక దశలో అతి చేశాను. 2019లో ఒక బ్యాచ్‌కు వివరణలన్నీ మానేసి, వరుసగా పాడైన యంత్రాలు మాత్రమే ఇచ్చాను. వాళ్ళు ఎంతో వేగంగా బాగుచేసేవారు, నేను మురిసిపోయాను. చివర్లో డిస్కు నిండిన సమస్యనే కాస్త మార్చి ఇచ్చాను. ఈసారి జాగా బోలెడు మిగిలే ఉంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళు పుట్టించి ఐనోడ్‌లు అయిపోయేలా చేశాను. ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లో ఐనోడ్‌ల సంఖ్య దాన్ని తయారుచేసినప్పుడే ఖాయమవుతుంది గనుక, అవి అయిపోతే జాగా ఉన్నా కొత్త ఫైలు పుట్టదు, కానీ తెర మీద వచ్చేది జాగా లేదన్న ఆ పాత సందేశమే. అందరూ ఆ సందేశం చూడగానే ఎల్ఎస్ఓఎఫ్ కొట్టారు, ఒక్కడు కూడా డీఎఫ్‌ను ఐనోడ్‌ల లెక్క అడగలేదు. నేను నోట్సును తీసేసి, దాని స్థానంలో చిట్కాల నోట్సు పెట్టానని అప్పుడు అర్థమైంది. సిద్ధాంతం లేకుండా అభ్యాసం చాలదనేవారితో నాకు ఈ విషయంలో పేచీ లేదు. నా పేచీ వరుస గురించే. సిద్ధాంతం ముందు వస్తే అది ఎవరి ప్రశ్నకో జవాబులా ఉంటుంది, దెబ్బ తగిలాక వస్తే తన ప్రశ్నకు జవాబవుతుంది.

షెల్ స్క్రిప్టింగ్ (కమాండ్లను ఒక ఫైలులో వరుసగా రాసి నడిపించడం) సంగతి ఇంకా ఘోరం. ఏ నోట్సు తిరగేసినా అవే స్క్రిప్టులు: ఇచ్చిన సంఖ్య సరిసంఖ్యా బేసిసంఖ్యా, ఫ్యాక్టోరియల్ ఎంత, మూడు అంకెల్లో పెద్దది ఏది. షెల్‌తో ఫ్యాక్టోరియల్ కట్టాల్సిన అవసరం నాకు ఉద్యోగంలో ఒక్క రోజు కూడా రాలేదు. షెల్ ఉన్నది ఒక ప్రోగ్రాము ఇచ్చినదాన్ని ఇంకో ప్రోగ్రాముకు అందించడానికి, ఫైళ్ళను కదపడానికి, ఏదైనా విఫలమైతే ఆగడానికి. 1973లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా కెన్ థామ్సన్ లినక్స్‌కు పూర్వికమైన యూనిక్స్‌లో పైపును (ఒక ప్రోగ్రాము ఇచ్చినదాన్ని ఇంకోదానికి అందించే గొట్టాన్ని) చేర్చినప్పటి నుంచి ఆ పనికే అది పదునుదేరింది. కాబట్టి అభ్యాసాలు కూడా విఫలం కావడం చుట్టూ ఉండాలి. ఆ మాట అనే హక్కు నాకు ఎలా వచ్చిందో చెప్పాలంటే నా సొంత తప్పు ఒకటి బయటపెట్టాలి.

2014లో రుషికొండ వైపు ఒక చిన్న సంస్థలో సర్వర్లు చూసేవాణ్ణి. డేటాబేస్ బ్యాకప్ స్క్రిప్టు నేనే రాశాను. అది రోజూ రాత్రి డేటాబేస్‌ను డంప్ చేసి (అంటే మొత్తం నకలు తీసి), పైపు ద్వారా దాన్ని కుదించే జీజిప్‌కు పంపి, ఆ రోజు తేదీతో ఒక ఫైలు చేసి, వేరే డిస్కులో పెట్టి, బ్యాకప్ విజయవంతమని నాకు మెయిలు పంపేది. రోజూ వచ్చే ఆ మెయిళ్ళు విసుగనిపించి వాటిని విడిగా ఒక ఫోల్డరులో పడేలా ఏర్పాటు చేసుకున్నాను. అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవారికి దాని గురించి నేను చెప్పనక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బీచ్ రోడ్డున నడిచి వెళ్తే ఊరు గుర్తుపట్టేలా లేదు. కరెంటు వచ్చి మేము ఆఫీసుకు చేరేసరికి సర్వర్ గది కిటికీ అద్దం పగిలి, లోపలికి నీళ్ళు వచ్చి, డేటాబేస్ డిస్కు తిరగడం మానేసి ఉంది. బ్యాకప్ డిస్కు మాత్రం బీరువాలో పొడిగా భద్రంగా ఉంది. దాన్ని తగిలించి చూస్తే రోజుకో ఫైలు చొప్పున, తేదీలతో, వరుసగా, ముచ్చటగా ఉన్నాయి. జులై నుంచి ప్రతి ఫైలు పరిమాణం 20 బైట్లు.

జీజిప్‌కు ఏమీ ఇవ్వకపోతే అది తయారుచేసే ఫైలు సరిగ్గా 20 బైట్లు ఉంటుంది. జులైలో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాము, మార్చింది కూడా నేనే, స్క్రిప్టులో మార్చడం మరిచిపోయాను. డంప్ ప్రతి రాత్రి లోపలికి వెళ్ళలేక విఫలమైంది. కానీ బాష్ అనే షెల్‌లో ప్రత్యేకంగా చెప్పకపోతే, పైప్‌లైన్ ఫలితమంటే అందులో చివరి కమాండ్ ఫలితమే. చివర ఉన్నది జీజిప్, అది శూన్యాన్ని చక్కగా కుదించి, సున్నాతో నిష్క్రమించింది. సున్నా అంటే విజయం. నా స్క్రిప్టు దాన్ని నమ్మి 3 నెలలపాటు నాకు శుభవార్తలు పంపింది. చివరికి గాజువాకలో ఉండే మా డెవలపర్ ఒకతను పరీక్షల కోసం తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్న కాపీ ఒకటి దొరికింది, అదీ 3 వారాల పాతది. మిగిలిన 3 వారాల లెక్కలు కాగితాల నుంచి మళ్ళీ ఎక్కించారు. ఎక్కించింది అకౌంట్స్ విభాగంవాళ్ళు. ఇప్పటికీ ఎక్కడైనా ఎదురుపడితే వాళ్ళ ముఖం చూడలేను.

ఇది చిన్న ఊళ్ళో చిన్నవాళ్ళకే జరిగేదనుకుంటే పొరపాటు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు తానున్నది అనుబంధ డేటాబేస్ సర్వర్ మీద అనుకొని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తీసేశాడు. పొరపాటు తెలిసి ఆపేలోపు సుమారు 300 జీబీ పోయింది. రోజువారీ బ్యాకప్‌ల కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు, ఎందుకంటే డంప్ చేసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, అందువల్ల అది నడవలేదు. విఫలమైందని చెప్పే మెయిళ్ళు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. సుమారు 6 గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితికి నకలు) ఆదుకుంది. ఆ సంస్థ జరిగినదంతా దాచుకోకుండా లోకానికి రాసి చెప్పింది. ఆ వివరణ చదివినప్పుడు నా 20 బైట్లు గుర్తొచ్చి, ఏదో దూరపు బంధువును కలిసినట్టయింది.

కాబట్టి నా తరగతిలో బ్యాకప్ స్క్రిప్టు రాయమని అడగను. నా పాత స్క్రిప్టునే, మారిన పాస్‌వర్డ్‌తో సహా, ఉన్నదున్నట్టు ఇచ్చి, "నిన్నటి బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టండి" అంటాను. మొదట అందరూ స్క్రిప్టు చదివి బాగుందంటారు. చాలామంది ఫైలు పరిమాణం వైపు కూడా చూడరు, తేదీ సరిగ్గా ఉంటే చాలు. తిరిగి ఎక్కించాక ఒక్క టేబుల్ కూడా లేదని తెలిసినప్పుడు కూడా తమ కమాండ్‌లోనే తప్పుందనుకొని మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఆ తర్వాత పైప్‌ఫెయిల్ (వరుసలో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమైనట్టే చూడమనే అమరిక) అన్న ఒక్క మాట చెబితే అది వాళ్ళ చేతివేళ్ళలోకి దిగుతుంది. ఆ రోజు నుంచి వాళ్ళు రాసే స్క్రిప్టుల్లో ఆ వాక్యం నేను చెప్పకుండానే కనిపిస్తుంది.

పేర్లలో ఖాళీలున్న ఫైళ్ళ మీద కొటేషన్ గుర్తులు లేని వేరియబుల్ వాడితే ఏమవుతుందో, ఖాళీ వేరియబుల్ పక్కన స్లాష్ పెట్టి ఆర్ఎం నడిపితే ఏమవుతుందో కూడా ఇలాగే తెలియాలి. 2015లో స్టీమ్ అనే గేమ్స్ ప్రోగ్రాము లినక్స్ స్క్రిప్టులో జరిగింది ఈ రెండోదే. డైరెక్టరీ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ కావడంతో అది మొత్తం ఫైల్‌సిస్టమ్‌ను తీసేయడం మొదలుపెట్టింది. ఆ పంక్తికి పైనే భయంగా ఉందన్న అర్థంలో వ్యాఖ్య రాసి ఉందట, రాసినవారు భయపడ్డారు గానీ ఒక్క తనిఖీ పెట్టలేదు. చెప్పిన వేళకు స్క్రిప్టులను తనంతట తానే నడిపే క్రాన్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. చేత్తో నడిపితే నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో ఎందుకు నడవలేదన్నది ప్రతి బ్యాచ్‌కూ ఒక ఆదివారం తినేస్తుంది. సగం కేసుల్లో పాత్ వేరియబుల్ (కమాండ్లను ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పేది) కురచగా ఉండటం కారణం, మిగతావాటిలో తేదీ కోసం రాసిన శాతం గుర్తును క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల పట్టిక) కొత్త పంక్తిగా తీసుకోవడం కారణం.

పాడుచేయడం కూడా ఒక విద్యే. మొదట్లో ఆ స్క్రిప్టులన్నీ నేనే రాసేవాణ్ణి. ఇప్పుడు మూడో నెలకు వచ్చిన విద్యార్థుల చేత రాయిస్తున్నాను. ఒక జట్టు యంత్రాన్ని పాడుచేసే స్క్రిప్టు ఒకటి, అది బాగైందో లేదో చూసి చెప్పే స్క్రిప్టు ఒకటి రాయాలి, ఇంకో జట్టు బాగుచేయాలి. ఈ రెండో స్క్రిప్టే నా ట్రై స్క్వేరు. సర్వీసు నడుస్తోందా అని మాత్రమే చూస్తే చాలదు, రీబూట్ తర్వాత కూడా నడుస్తోందా అని చూడాలి, పక్కనున్నది ఏదీ చెడిపోలేదా అని చూడాలి. అందులో ఎన్ని షరతులు రాయాలో ఆలోచించేసరికి ఫ్యాక్టోరియల్ స్క్రిప్టు వంద సార్లు రాసినా రాని పట్టు వస్తుంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. వర్చువల్ యంత్రాలను నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితం, స్నాప్‌షాట్ తీసుకొని ఉంచితే ఎంత చెడగొట్టినా రెండు నిమిషాల్లో మొదటికి తెచ్చుకోవచ్చు.

కమాండ్లు చెప్పకపోతే ఇంటర్వ్యూలో ఎలా అని తల్లిదండ్రులు అడుగుతారు. అప్పు చేసి పిల్లవాణ్ణి కోచింగ్‌కు పంపినవారు ఆ మాట అడగడం న్యాయమే, అందుకే చివరి రెండు ఆదివారాలు ఇంటర్వ్యూ ప్రశ్నలకే కేటాయిస్తాను. కానీ లినక్స్ నిర్వాహకులకు రెడ్ హ్యాట్ సంస్థ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలోనే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు ఉండవన్నది గమనించాలి. యంత్రం ఇచ్చి పని చెబుతారు, చేసినది రీబూట్ తర్వాత నిలవకపోతే మార్కులు రావు.

అనుమతుల దగ్గర వచ్చే రోగం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఏది నడవకపోయినా సీహెచ్‌మాడ్ 777 కొట్టడం (అన్ని అనుమతులూ అందరికీ ఇచ్చేయడం) మన కుర్రాళ్ళ చేతికి అలవాటైపోయింది. అది ప్రమాదమని ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే. అందుకని ఒక అభ్యాసం పెట్టాను. పాస్‌వర్డ్ బదులు కీ ఫైలుతో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అవ్వాలి, కీ ఫైలు యజమాని తప్పుగా ఉంటుంది కాబట్టి అవ్వదు. అందరూ వెంటనే హోమ్ డైరెక్టరీ మొత్తానికి 777 ఇచ్చేస్తారు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ మామూలు అమరికలో, హోమ్ డైరెక్టరీలో ఇతరులు కూడా రాయగలిగేలా ఉంటే ఆ కీని నమ్మదు. ఎంత తెరిస్తే అంత గట్టిగా తలుపు మూసుకుంటుంది. "అన్నీ ఇచ్చేశానండి, ఇంకా ఏం కావాలంటోంది?" అని ఒకతను వాపోయాడు. లాగ్ తెరిచి చూస్తే యాజమాన్యం, అనుమతులు బాగాలేవని స్పష్టంగా రాసి ఉంటుంది. ఇంతసేపూ ఆ లాగ్ తెరవలేదు, అంతే.

చూడకుండా కొట్టే ఈ అలవాటుకు విరుగుడుగా నేను పాత సామాను ఒకటి బయటికి తీశాను. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ల్యాబ్‌కు రెండు పుస్తకాలు ఉంటాయి: అబ్జర్వేషన్, రికార్డు. రికార్డు సీనియర్ల నుంచి ఎత్తి రాస్తారు, అబ్జర్వేషన్‌ను ఆ రికార్డు చూసి నింపుతారు. చూసినది రాయాల్సిన పుస్తకంలో చూడనిది రాయడం నాలుగేళ్ళు నేర్పుతాం. నా తరగతిలో రికార్డు లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ మీద అబ్జర్వేషన్ అని రాసుకొని తెచ్చుకోవాలి. అందులో సమయం, కనిపించినది, అనుమానం రాశాకే యంత్రంలో ఏదైనా మార్చాలి. ఇప్పుడు తెర మీది సందేశాన్ని ఏదో చాట్ ప్రోగ్రాములో అతికించి జవాబు తెచ్చుకోవడం వచ్చింది, దాన్ని నేను నిషేధించలేదు. అయితే అక్కడ అతికించినది, అది చెప్పినది, అది నిజమో కాదో తాను ఎలా చూశాడన్నది మూడూ పుస్తకంలో ఉండాలన్నాను. మూడోది రాయడం బద్ధకమై చాలామంది తామే వెతుక్కోవడం మొదలుపెట్టారు.

మొదట చెప్పిన అబ్బాయి ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. మొన్న అతడి పుస్తకం తిరగేశాను. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "10.20: వెబ్‌సైటు తెరుచుకోలేదు. 10.24: సర్వీసు నడుస్తోంది. 10.29: ఇదే యంత్రం నుంచి అడిగితే పేజీ వస్తోంది, బయటి నుంచి రావడం లేదు. 10.33: ఫైర్‌వాల్ అని అనుమానం. ఇంకా ఏమీ మార్చలేదు. 10.40: కరెంటు పోయింది."